శనివారం గది తాళం తీసే మనిషి

"డాలస్ దగ్గరకు వచ్చి తొమ్మిది నెలలైంది. మావారి హెచ్-1బి ఉద్యోగ వీసాకు తోడుగా వచ్చే హెచ్-4 మీద ఉన్నాను. హైదరాబాద్‌లో ఒక కంపెనీలో కార్యక్రమాల ఏర్పాట్లు చూసేదాన్ని. ఇక్కడ ఊరికే కూర్చోలేకపోతున్నాను. తెలుగు సంఘంలోనో, మా నాలుగేళ్ళ పాపను తీసుకెళ్ళే లైబ్రరీలోనో వాలంటీరుగా ఏదైనా చేయాలని ఉంది. మావారేమో వీసాకు ఇబ్బంది వస్తుందని భయపడుతున్నారు. చేయవచ్చా? చేయవచ్చంటే ఎక్కడ మొదలుపెట్టాలి?" - ఒక సోదరి

మీవారి భయం అర్థం లేనిది కాదు, అలాగని అంత పెద్దదీ కాదు. ముందు ఆ ముడి విప్పుకుందాం.

హెచ్-4 మీద ఉన్నవాళ్ళు ఈఏడీ, అంటే పని చేయడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి కార్డు, లేకుండా ఉద్యోగం చేయకూడదు. ఆ ఈఏడీ అందరికీ దొరకదు. 2015 మే 26న అమల్లోకి వచ్చిన నియమం ప్రకారం, హెచ్-1బి ఉన్న భర్తకో భార్యకో ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే దరఖాస్తు) ఆమోదం పొంది ఉండాలి, లేదా వాళ్ళు గ్రీన్‌కార్డు దారిలో ఉండి హెచ్-1బికి ఉన్న ఆరేళ్ళ గడువు దాటిన పొడిగింపు మీద ఉండాలి. వాలంటీరు పని దీనికి వేరు. లాభాపేక్ష లేని సంస్థకో, ప్రభుత్వ లైబ్రరీకో, పాప బడికో ప్రతిఫలం ఆశించకుండా మీ సమయం ఇస్తే అది సేవ. ఒక జీతగాడు చేయాల్సిన పనిని మీతో ఊరికే చేయించుకుంటే, పేరు ఏదైనా అది ఉద్యోగమే. లాభం కోసం నడిచే వ్యాపారానికి "ఉచిత సేవ" అనే మాటే ఇక్కడి కార్మిక చట్టం ఒప్పుకోదు.

మన వాళ్ళు తరచుగా చిక్కుకునేది ఇంకో చోట. "మీరు మా డాన్సు స్కూలు లెక్కలు చూడండి, మీ పాపకు ఫీజు మాఫీ చేస్తాం" అంటారు. మాఫీ చేసిన ఫీజు కూడా జీతమే. కార్యక్రమం అయ్యాక కవరులో పెట్టి ఇచ్చే గిఫ్ట్ కార్డుదీ అదే కథ. మీ చేతి నుంచి పెట్టిన ఖర్చుకు రసీదు చూపించి అంతే మొత్తం తీసుకోవడంలో తప్పు లేదు. పైన ఒక్క డాలరు వద్దు. శాలువా కప్పితే కప్పించుకోండి, దానికి ఏ చట్టమూ అడ్డు రాదు. ఎక్కడైనా అనుమానం తగిలితే మీవారి కంపెనీ తరఫున వీసా కాగితాలు చూసే లాయరుకు రెండు వాక్యాల ఈమెయిలు పెట్టించండి. నా జవాబు కన్నా ఆ జవాబు భద్రంగా దాచుకోదగ్గది.

ఇక అసలు విషయానికి వస్తాను. నేను 2008లో వచ్చాను. అప్పటికి హెచ్-4 వాళ్ళకు ఈఏడీ లేదు, వస్తుందన్న ఊసూ లేదు. వచ్చిన కొత్తలో నేనూ మీలాగే ఏదో ఒకటి చేసేయాలన్న తొందరలో ఉన్నాను. ఆ తొందరలో చేసిన మొదటి పని, ఒక ఉగాది సంబరానికి భోజనాల బాధ్యత నెత్తిన వేసుకోవడం. 140 మంది వస్తామన్నారు. 230 మంది వచ్చారు. వంట సరిపోకపోవడం ఒక అవమానం, అది ఎలాగో సర్దుకుంది. ఎవరో పరుగున వెళ్ళి పెరుగు, అన్నం తెచ్చారు. సర్దుకోనిది తలుపు దగ్గరి గోడ మీద ఉన్న చిన్న బోర్డు. ఆ గదిలో గరిష్ఠంగా ఎంతమంది ఉండవచ్చో అందులో రాసి ఉంది. 150. అగ్నిమాపక నిబంధన అది, మన కల్యాణమండపాల్లో "ఇంకో రెండు వరుసలు వేయండి బాబూ" అన్నట్టు సర్దే విషయం కాదు. హాలు నడిపే మనిషి వచ్చి, మిగిలిన వాళ్ళు బయటకు వెళ్ళేదాకా కార్యక్రమం ఆపేయాలని మెల్లిగా చెప్పాడు. పట్టుచీరల్లో, పసిపిల్లలతో వచ్చిన వాళ్ళను కారు పార్కింగులో నిలబెట్టింది నేనే. ఆ ఉగాది పచ్చడిలో చేదు నా వాటాకు కాస్త ఎక్కువే వచ్చింది.

ఆ తర్వాత రెండేళ్ళు పెద్ద కార్యక్రమాల జోలికి వెళ్ళలేదు. అదే మేలయింది. లైబ్రరీలో వారానికి రెండు గంటలు, తిరిగి వచ్చిన పిల్లల పుస్తకాలను అరల్లో సర్దే పని తీసుకున్నాను. మాటలు అక్కర్లేని పని. కానీ ఆ రెండేళ్ళలో ఏ పుస్తకాలు చిరిగిపోయేంతగా పిల్లలు చదువుతారో, ఏ తల్లులు ఏ వేళ వస్తారో, లైబ్రేరియన్లు ఎవరి మాట ఎందుకు వింటారో, ఇక్కడి ఊరు లోపలి నుంచి ఎలా నడుస్తుందో తెలిసింది. సంఘం వేదిక మీద పదేళ్ళు మైకు పట్టుకున్నా తెలియని సంగతులు ఇవి. అందుకే మీకు నా సలహా ఒక్కటే: ఏడాదికి ఒకసారి వచ్చే పెద్ద పండగ కాదు, ప్రతి వారం వచ్చే చిన్న పని అడిగి తీసుకోండి. ఏటా ఒక రోజు కనబడే మనిషి ఫోటోల్లో ఉంటుంది. ప్రతి శనివారం గది తాళం తీసే మనిషిని మాత్రం ఊరు గుర్తుపెట్టుకుంటుంది.

మీ పాపకు నాలుగేళ్ళు కాబట్టి లైబ్రరీలో కుటుంబాలు కలిసి నేర్చుకునే కార్యక్రమాలు మీకు అచ్చంగా సరిపోతాయి. పిల్లను దింపేసి వెళ్ళిపోయే ట్యూషను కాదు ఇది. తల్లో తండ్రో పక్కన కూర్చుని పిల్లతో పాటు నేర్చుకోవాలి. ఈ ఆలోచనకు ఇక్కడ మంచి చరిత్రే ఉంది. 1989లో షారన్ డార్లింగ్ అనే ఆవిడ కెంటకీ రాష్ట్రం లూయివిల్‌లో కుటుంబ అక్షరాస్యత కోసం ఒక జాతీయ కేంద్రం పెట్టారు. పిల్లల చదువు, పెద్దల చదువు, తల్లిదండ్రులు తమలో తాము మాట్లాడుకునే సమయం, తల్లీబిడ్డా కలిసి గడిపే సమయం, ఈ నాలుగూ ఒక్కచోట ఉండాలన్నది వాళ్ళ పద్ధతి. మన వాళ్ళ కార్యక్రమాల్లో మొదటిది మాత్రం దండిగా ఉంటుంది, మిగతా మూడూ సున్నా. పిల్లలు లోపల పద్యం వల్లె వేస్తుంటే తండ్రులు వరండాలో ఇళ్ళ ధరలు మాట్లాడుకుంటారు.

ఇంకో మంచి పథకం కిండర్‌గార్టెన్‌కు ముందు వెయ్యి పుస్తకాలు. చాలా లైబ్రరీల్లో ఉంటుంది. రోజుకు ఒక్క పుస్తకం చదివి వినిపించినా మూడేళ్ళలోపు వెయ్యి దాటుతుంది. చదివిన పుస్తకమే మళ్ళీ చదివినా లెక్కలోకి వస్తుంది, తెలుగు పుస్తకమైనా వస్తుంది. ఈ రెండో సంగతి మన తల్లులకు చాలామందికి తెలియదు. ఇంట్లో తెలుగు మాట్లాడితే పిల్ల బడిలో వెనకబడుతుందన్న భయం వాళ్ళను ఇంకా పట్టుకునే ఉంది. ఆ భయం పోగొట్టడానికి ఉపన్యాసం అవసరం లేదు. లైబ్రేరియన్ చేతి మీదుగా తెలుగు పుస్తకం పేరు ఆ పట్టికలో ఎక్కితే చాలు.

తెలుగు కథల గంట పెడదామని లైబ్రరీని అడిగేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. లైబ్రరీ ఊరి పన్నుల సొమ్ముతో నడుస్తుంది. అక్కడ జరిగే కార్యక్రమానికి ఎవరైనా రావచ్చు, ప్రవేశం ఉచితం, ఏదీ అమ్మకూడదు అన్న నియమాలు చాలా చోట్ల ఉంటాయి. "మా తెలుగు వాళ్ళకు గది కావాలి" అంటే గది దొరకదు. "తెలుగు, ఇంగ్లీషు రెండు భాషల్లో కథల గంట, అందరూ రావచ్చు" అనండి. నేను అలా మొదలుపెట్టిన గంటకు నాలుగో వారం నుంచి ఒక వియత్నాం అమ్మమ్మ మనవడితో వచ్చేది. తెలుగు ముక్క రాదు, ఇంగ్లీషూ అంతంతే. చెమ్మచెక్క ఆడే వేళకు మాత్రం అందరికన్నా ముందు చేతులు చాచేది.

కథ చెప్పడంలో నేను చేసిన ఘోరం కూడా చెప్పేస్తాను. మొదటి రోజు 40 స్లైడ్లు తయారు చేసుకుని వెళ్ళాను, రంగురంగుల బొమ్మలతో. మూడో స్లైడుకు సగం మంది పిల్లలు బల్లల కింద ఉన్నారు. వాళ్ళ వెనకాల తల్లులు, వాళ్ళ వెనకాల నేను. ఆ రోజు లైబ్రరీలో పనిచేసే ఒక పెద్దావిడ నవ్వి, తన కథల గంటకు వచ్చి వెనక కూర్చోమంది. అరగంటలో ఆవిడ చదివింది రెండే పుస్తకాలు. మధ్యలో పాట, చప్పట్లు, లేచి గెంతడం, మళ్ళీ కూర్చోవడం. అప్పుడు అర్థమైంది, మన గొలుసు కథలు దీనికోసమే పుట్టాయని. ఒకరు ఇంకొకరి మీద, వాళ్ళు మరొకరి మీద నేరం నెట్టుకుంటూ పోయే కథల్లో ఒకే వాక్యం పదిసార్లు వస్తుంది. మూడోసారికి తెలుగు రాని పిల్ల కూడా అందుకుంటుంది. ఎలా చెప్పాలో మా నాయనమ్మకు ఏ శిక్షణా లేకుండానే తెలుసు. నాకు మాత్రం ఒక అమెరికన్ ఆవిడ గుర్తుచేయాల్సి వచ్చింది.

ఇండియాలో ఉన్న అమ్మమ్మలు, తాతయ్యల చేత వీడియోలో కథ చెప్పించండి, చాలా బాగుంటుంది. ఒక్క గడియారం దగ్గర జాగ్రత్త. ఇక్కడ మార్చి రెండో ఆదివారం గంట ముందుకు జరుగుతుంది, నవంబరు మొదటి ఆదివారం వెనక్కు వస్తుంది. డాలస్‌లో రాత్రి 8 గంటలంటే ఇండియాలో చలికాలంలో మర్నాడు ఉదయం 7:30, వేసవి గడియారంలో 6:30. మార్చిలో ఒకసారి ఈ సంగతి చెప్పడం మరచిపోయాను. 12 మంది పిల్లలు తెర ముందు కూర్చుని ఒక ఖాళీ కుర్చీని చూశారు. కథ చెప్పాల్సిన అమ్మమ్మ అక్కడ పూజ ముగించుకుని, చీర మార్చుకుని సరిగ్గా 7:30కి వచ్చింది పాపం.

పిల్లలతో పని అంటే కాగితాలు తప్పవు. లైబ్రరీ అయినా బడి అయినా మీ పూర్వాపరాలు విచారిస్తారు, కొన్నిచోట్ల వేలిముద్రలు అడుగుతారు. దాన్ని అవమానంగా తీసుకోకండి. రేపు మీ పాప దగ్గర కూర్చునే మనిషికీ అదే విచారణ జరుగుతుంది. ఫారంలో సోషల్ సెక్యూరిటీ నంబరు గడి చూసి చాలామంది హెచ్-4 తల్లులు అక్కడే వెనక్కు తగ్గుతారు. ఈఏడీ లేనివారికి మామూలుగా ఆ నంబరు ఉండదు కాబట్టి, బదులుగా పాస్‌పోర్టు గానీ డ్రైవింగ్ లైసెన్సు గానీ చూపవచ్చా అని అడగండి. చాలాచోట్ల సరే అంటారు. ఎవరి బిడ్డతోనూ మీరు ఒక్కరే మూసిన గదిలో ఉండకండి, ఎంత తెలిసిన కుటుంబమైనా సరే, ఇంకో పెద్దమనిషి కనబడేచోట ఉండాలి. ఫోటోలు తల్లిదండ్రుల అనుమతి లేకుండా వాట్సాప్ గుంపులో పెట్టకండి. ఈ ఒక్క విషయంలోనే నాకు అందరికన్నా ఎక్కువ తగువులు వచ్చాయి, అదీ మన వాళ్ళతోనే.

తిండి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మన పులిహోరలో, పొడుల్లో, లడ్డూల్లో నువ్వులు పడతాయి. ఇక్కడి చట్టంలో ముఖ్యమైన అలర్జీ పదార్థాలు ఎనిమిది ఉండేవి. పాలు, గుడ్లు, చేపలు, రొయ్యల జాతి, బాదం జీడిపప్పు వంటివి, వేరుశనగ, గోధుమ, సోయా. 2023 జనవరి 1 నుంచి నువ్వులు తొమ్మిదోదిగా చేరాయి. ఇంట్లో వండి తెచ్చిన గిన్నె మీద లేబులు ఉండదు కాబట్టి, ఆ లేబులు మీరే. ఒక దీపావళికి బడిలో పంచడానికి ఒక తల్లి నువ్వుల లడ్డూలు తెచ్చింది. ఒక పిల్లవాడు చేయి చాచాడు. వాడి అక్క, ఎనిమిదేళ్ళది, పరుగెత్తుకుని వచ్చి చేయి పట్టుకుని లాగేసింది. ఆ రోజు నుంచి ప్రతి గిన్నె ముందు ఒక చీటీ పెట్టిస్తున్నాను, అందులో ఏమేం ఉన్నాయో వండినవారి చేతిరాతతోనే. "మా ఇంటి వంటను అనుమానిస్తున్నారా" అని ఒకరిద్దరు మూతి ముడిచారు. ముడవనివ్వండి.

తెలుగు సంఘాల సంగతి అడిగారు. ఇక్కడ మనకు సంఘాలకు కొదవ లేదు. ఉత్తర అమెరికా తెలుగు సంఘం, అదే తానా, మొదటి సభలు 1977లో జరిగాయి. ఆ తర్వాత జాతీయ స్థాయిలో ఎన్నో పుట్టాయి, ఊరూరా ఇంకెన్నో. రెండు వందల కుటుంబాలున్న చోట మూడు సంఘాలు, నాలుగు వాట్సాప్ గుంపులు ఉంటే ఆశ్చర్యపోకండి. కులం, ప్రాంతం, పాత ఎన్నికల పగలు అన్నీ విమానం ఎక్కి మనతోనే వచ్చాయి. మొదటి ఏడాది ఏ వర్గంలోనూ పేరు రాయించుకోకండి. ఎవరు పిలిచినా వెళ్ళి కుర్చీలు వేయండి, కుర్చీలకు వర్గం ఉండదు. తెలుగు నేర్పడం మీద ఆసక్తి ఉంటే సిలికానాంధ్ర వాళ్ళ మనబడి 2007 నుంచి నడుస్తోంది. అందులో పాఠాలు చెప్పేవాళ్ళు వాలంటీర్లే, చాలా ఊళ్ళలో తరగతులున్నాయి. పాప కొంచెం పెద్దయ్యాక మీకు అది మంచి దారి.

డబ్బు గురించి ఒకే మాట చెబుతాను. సంఘం సొమ్ము మీ సొంత ఖాతాలోకి ఒక్క పూట కూడా రానివ్వకండి. "ముందు మీ నంబరుకు పంపించేస్తాం, తర్వాత చూసుకుందాం" అనేవాళ్ళు మంచివాళ్ళే, కానీ ఆ తర్వాత చూసుకోవడం మీ మెడకే చుట్టుకుంటుంది. 250 డాలర్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఇచ్చిన దాతకు పన్ను మినహాయింపు కావాలంటే సంస్థ నుంచి రాతపూర్వకమైన రసీదు ఉండాలి, ఆ పని కోశాధికారిది. మీ సమయానికి పన్ను మినహాయింపు లేదు. సేవకోసం నడిపిన కారుకు మైలుకు 14 సెంట్లు లెక్క కట్టుకోవచ్చు. పెట్రోలు ధర ఎంత మారినా ఆ 14 మాత్రం చట్టంలో రాసి ఉంది కాబట్టి కదలదు.

బడి హాలు అద్దెకు తీసుకుంటే బీమా కాగితం అడుగుతారు. పది లక్షల డాలర్ల బీమా అనగానే గుండె ఆగినంత పని అవుతుంది, నాకూ అయింది. ఒక్క రోజు కార్యక్రమానికి అలాంటి బీమా విడిగా దొరుకుతుంది, సంఘం కొంటుంది. మీరు చేయాల్సిందల్లా కాగితంలో ఆ బడిని నడిపే స్కూల్ డిస్ట్రిక్టు పేరు సరిగ్గా పడిందో లేదో అక్షరం అక్షరం చూసుకోవడం. వసంతంలో టెక్సాస్ ఆకాశాన్ని నమ్మకండి. సుడిగాలి హెచ్చరిక వస్తే రద్దు చేసే మాట ఎవరు చెబుతారో, ఎన్ని గంటలకు చెబుతారో ముందే తేల్చుకోండి.

మనుషులను పనిలో కలుపుకోవడం అన్నిటికన్నా కష్టం. "ఎవరైనా సాయం చేయగలరా" అని రెండు వందల మంది ఉన్న గుంపులో అడిగితే 30 బొటనవేళ్ళు లేస్తాయి. బొటనవేలు బల్ల మోయదు. ఒక్కొక్కరికి ఫోను చేసి "ఆదివారం 9:15 నుంచి 9:45 దాకా కుర్చీలు వేయడానికి మీరు, మీ అబ్బాయి రావాలి" అనండి. చిన్న పని, కచ్చితమైన వేళ, పేరు పెట్టి పిలుపు. కాదనేవాళ్ళు తక్కువ. హైస్కూలు పిల్లలను మరచిపోకండి, వాళ్ళకు సేవా గంటలు కావాలి. మేరీల్యాండ్‌లో అయితే 75 గంటలు లేకుండా హైస్కూలు పట్టా రాదు. ఇక్కడ అలాంటి నిర్బంధం లేకపోయినా కాలేజీ దరఖాస్తుల కోసం వస్తారు. ఎందుకోసం వచ్చినా, బాధ్యత ఇస్తే పదిహేనేళ్ళ పిల్ల మన నలభయ్యేళ్ళ కార్యదర్శి కన్నా వేళకు వస్తుంది.

వేళ అన్నాను కాబట్టి, పదిన్నరకు అని రాస్తే పదిన్నరకే మొదలుపెట్టండి, గదిలో ముగ్గురే ఉన్నా సరే. మొదటి నెల ఆలస్యంగా వచ్చినవాళ్ళు అలుగుతారు, రెండో నెల వేళకు వస్తారు. ముగింపు కూడా అంతే. లైబ్రరీ మూసే ముందు దీపాలు ఒకసారి ఆర్పి వెలిగిస్తారు. అప్పటికి మీ చేతిలో చెత్త సంచి ఉండాలి, మైకు కాదు. గదిని దొరికినదానికన్నా శుభ్రంగా అప్పగించినవాళ్ళకు వచ్చే నెల తేదీ అడగకుండానే దొరుకుతుంది.

మీవారికి ఇంకో మాట చెప్పండి. ఈ గంటలన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకుంటూ పోతే, రేపు ఈఏడీ వచ్చిన రోజున మీ రెజ్యూమెలో ఖాళీ ఉండదు. 2015లో ఆ నియమం వచ్చాక నాకు దొరికిన మొదటి ఉద్యోగానికి సిఫారసు లేఖ రాసింది, స్లైడ్ల రోజున నవ్విన ఆ పెద్దావిడే.

వచ్చే వారం లైబ్రరీకి వెళ్ళినప్పుడు పిల్లల విభాగం కౌంటరు దగ్గర వాలంటీరు ఫారం అడగండి. అందులో "మీకు వీలైన వేళలు" అని ఒక గడి ఉంటుంది. ఉత్సాహంలో అక్కడ "ఎప్పుడైనా" అని రాయాలనిపిస్తుంది, నేనూ అలాగే రాశాను, ఎవరూ పిలవలేదు. "శనివారం ఉదయం 10 నుంచి 12" అని రాయండి.